‘ఓన్లీ’లో దాగిన ‘ఏ’

ఒక భాషలోని మాట మరియొక భాష వారి నోట బడినపుడు దాని రూపము మారకుండవచ్చును గాని, అది చేయు పని మారుట లోకసహజము. ఆంగ్లమున మిక్కిలి వాడుకలో నున్న క్రియావిశేషణములలో ‘ఓన్లీ’ యొకటి. నాలుగే అక్షరముల మాట. హైదరాబాదు నగరపు తూర్పు దిక్కున, ఉప్పల్, నాచారము ప్రాంతములలో ఈ మాట వినబడని వీథి యుండదు. ‘ఐ యామ్ ఇన్ ఉప్పల్ ఓన్లీ’ అని ఫోనులో నొకరు చెప్పుదురు. ‘యెస్టర్‌డే ఓన్లీ ఐ టోల్డ్ యూ’ అని వేరొకరు నిష్ఠూరమాడుదురు. ‘వియ్ స్టే ఇన్ నాచారం ఓన్లీ’ అని క్రొత్తగా పరిచయమైన వారితో నింకొకరందురు. ఈ వాక్యములు విన్న ఆంగ్లేయుడు ఒక క్షణము ఆగును. ‘ఉప్పల్‌లో మాత్రమే యున్నాడా? ఒక మనుష్యుడు ఒకే సమయమున రెండుచోట్ల నుండగలడా?’ అని అతనికి సందేహము కలుగును. తెలుగువానికి అట్టి సందేహమేదియు కలుగదు. ‘ఉప్పల్‌లోనే ఉన్నాను’ అను వాక్యము అతని చెవికి ఆంగ్లపు ముసుగులో స్పష్టముగ వినబడుచునే యుండును.

ఇంతవరకు ఇది వినోదముగ కనబడు విషయమే. కాని పాఠశాలలో అడుగిడగానే ఇది వినోదము కాదు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు వ్యాసములో ‘ఐ కేమ్ టు దిస్ స్కూల్ లాస్ట్ ఇయర్ ఓన్లీ’ అని వ్రాయును. ఉపాధ్యాయుడు ఆ చివరి మాటకు ఎర్రసిరాతో సున్న చుట్టును. అంతటితో ఆగిన మేలే. కొందరు ఆ వాక్యమును తరగతిలో బిగ్గరగా చదివి నవ్వింతురు. ఆనాటినుండి ఆ పిల్లవాడు ఆంగ్లమున నోరు విప్పుటకు జంకును. తప్పు చేసితినని మాత్రము అతనికి తెలియును. ఆ తప్పు ఎక్కడనుండి వచ్చినదో తెలియదు, ఎట్లు దిద్దుకొనవలెనో తెలియదు. సున్న చుట్టిన ఉపాధ్యాయునకును అనేక పర్యాయములు ఆ సంగతి తెలియదు. ఏలయన ఆయన చదివిన ఆంగ్ల వ్యాకరణములో దీనికి సమాధానము లేదు. సమాధానము తెలుగు వ్యాకరణములో నున్నది.

మొదట ఆంగ్లేయుల ‘ఓన్లీ’ని పరికింపవలెను. దీని పుట్టుక సుబోధమైనది. పాత ఆంగ్లములో ‘ఆన్’ అనగా ఒకటి. ‘లిక్’ అనగా వంటిది. ఈ రెండును కలిసి ‘ఆన్లిక్’ ఆయెను. అనగా ఒంటియైనది, సాటిలేనిది అని భావము. అదియే కాలక్రమమున ‘ఓన్లీ’గ మారినది. ఈ మాట గర్భములో ‘ఒకటి’ అను సంఖ్య యున్నది. తెలుగువారు ‘మాత్రమే’ అనునపుడు వాడు ‘మాత్ర’ శబ్దము సంస్కృతమునుండి వచ్చినది. దానికి కొలత యని అర్థము. ‘ఇంతే కొలత, ఇంతకు మించి లేదు’ అనుట దాని స్వభావము. ఒక జాతి ఒంటితనమునుండియు, వేరొక జాతి కొలతనుండియు బయలుదేరి ఒకే భావమును చేరుకొనినవి.

ఆంగ్లములో ‘ఓన్లీ’కి ముఖ్యమైన పని ఇతరములను తొలగించుట. ‘ఓన్లీ సీత కేమ్’ అనగా సీత తప్ప వేరెవ్వరును రాలేదు. రెండవది, అల్పత్వమును సూచించుట. ‘హి ఈజ్ ఓన్లీ ఎ చైల్డ్’ అనగా పసివాడు సుమా, పెద్దగా పట్టించుకొనవలదు అని. మూడవది, కాలము సమీపమని తెలుపుట. ‘ఓన్లీ యెస్టర్‌డే’ అనగా ఎంతోకాలము కాలేదు, మొన్నమొన్ననే యని. ‘ఓన్లీ సన్’ అనునపుడు అది విశేషణము. ఏకైక పుత్రుడని యర్థము. వాక్యముల నడుమ వచ్చినపుడు ‘కాని’ అను అర్థమును, ‘ఇఫ్ ఓన్లీ’ యని చేరినపుడు ‘అట్లయిన ఎంత బాగుండును’ అను కోరికను తెలుపును. ఇన్ని పనులు చేయు మాటను ‘ఓన్లీ అనగా మాత్రమే’ అని ఒక్క ముక్కలో బోధించి ముగించుటవలననే సగము చిక్కు పుట్టుచున్నది.

అంతకంటె పెద్ద చిక్కు దాని స్థానము. ఆంగ్లములో మాటలకు విభక్తి ప్రత్యయములు స్వల్పము. కావున మాట ఎక్కడ నిలిచినదో దానినిబట్టియే అర్థము నిర్ణయింపబడును. ‘ఓన్లీ’ యే మాట ప్రక్కన నున్నదో ఆ మాటకే అది చెందవలెనని వ్యాకర్తలు చెప్పుదురు. రాబర్టు లౌత్ అను మతాచార్యుడు 1762లో ప్రకటించిన ఆంగ్ల వ్యాకరణమునందే, జనులు ఈ మాటను క్రియకు ముందు ఎక్కడనో పడవేయుచున్నారని ఆక్షేపించెను. 1926లో వెలువడిన ప్రయోగ నిఘంటువులో ఫౌలరు ఇందుకు భిన్నమైన దారి పట్టెను. అర్థమునకు భంగము లేనప్పుడు, వాడుకలో స్థిరపడిన చోటునుండి ‘ఓన్లీ’ని పట్టుబట్టి కదలించుట పండితుల చాదస్తమని ఆయన అభిప్రాయము. అనగా, ఆంగ్లేయులే తమ మాటను ఎక్కడ నిలుపవలెనో తెలియక నూరేండ్లకు పైగా వాదులాడుకొనిరి. వారి పండితులకే కుదురుగ నిలువని మాట, నాచారములోని ఎనిమిదవ తరగతి పిల్లవానికి తొలినాడే కుదురుట లేదని నవ్వుట న్యాయము కాదు.

ఇక తెలుగు సంగతి. తెలుగులో ‘ఏ’ యను ఒక చిన్న అక్షరము గలదు. వ్యాకరణవేత్తలు దీనిని అవధారణార్థకమని యందురు. అవధారణమనగా నిశ్చయించి చెప్పుట. దీని విశేషమేమనగా, ఇది వాక్యములో నే మాటకైనను తోకవలె అతుకుకొనగలదు. ‘సీత నిన్న లెక్కలు చేసింది’ అను వాక్యమును తీసికొనుడు. ‘సీతే నిన్న లెక్కలు చేసింది’ అన్న చేసినది సీతయేగాని మరియొకరు కాదు. ‘సీత నిన్ననే లెక్కలు చేసింది’ అన్న కాలము నిశ్చితము. ‘సీత నిన్న లెక్కలే చేసింది’ అన్న చేసినవి లెక్కలుగాని సాంఘికశాస్త్రము కాదు. ‘సీత నిన్న లెక్కలు చేయనే చేసింది’ అన్న, చేయలేదేమోయను అనుమానమునకు తావు లేదు. ఒకే అక్షరము, నాలుగు స్థానములు, నాలుగు అర్థములు. వాక్యములోని మాటల వరుస ఇంచుకయు చెదరలేదు. ఆంగ్లము మాటను కదలించి సాధించుదానిని తెలుగు తోకను కదలించి సాధించును.

ఈ నిశ్చయార్థమును భారతీయ తార్కికులు ఎంత లోతుగ విచారించిరో తెలిసికొనదగినది. సంస్కృతములోని ‘ఏవ’ శబ్దమునకు మూడు పనులు గలవని ఏడవ శతాబ్దమునాటి బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి వివరించెను. తరువాతి నైయాయికులును ఆ విభాగమును చర్చించిరి. విశేష్యముతో చేరినపుడు అది ఇతరులకు ఆ గుణము లేదని చెప్పును: అర్జునుడే విలుకాడు. విశేషణముతో చేరినపుడు ఆ వస్తువునకు ఆ గుణము లేకపోవుట యుండదని చెప్పును: శంఖము తెల్లనిదే. క్రియతో చేరినపుడు అది బొత్తిగా అసంభవము కాదని చెప్పును: నల్లని కలువ ఉండనే యుండును. మొదటిది అన్యయోగ వ్యవచ్ఛేదము, రెండవది అయోగ వ్యవచ్ఛేదము, మూడవది అత్యంతాయోగ వ్యవచ్ఛేదము. పేర్లు పెద్దవైనను విషయము చిన్నపిల్లలకు తెలియనిది కాదు. ‘అర్జునుడే విలుకాడు’ అన్నపుడు తక్కినవారు త్రోసివేయబడుచున్నారు. ‘శంఖము తెల్లనిదే’ అన్నపుడు పాలు, మల్లెపూవు తెల్లగా నుండవని ఎవ్వరును గ్రహింపరు. శంఖము తెలుపు విషయమై వినువానికి గల శంక మాత్రము తీరుచున్నది.

ఇప్పుడు ‘ఉప్పల్‌లోనే ఉన్నాను’ అను వాక్యమును చూచిన దాని గుట్టు విడిపోవును. అది అర్జునుని వాక్యము కాదు, శంఖపు వాక్యము. నేను ఇతర స్థలములలో లేనని చెప్పుట వక్త ఉద్దేశము కాదు. అది చెప్పనక్కరలేని సంగతి. ‘నేను ఉప్పల్‌లో నున్నానో లేనో యని నీవు శంకింపవలదు, దగ్గరనే యున్నాను, వత్తును’ అనుట అతని హృదయము. ఆంగ్లములోని ‘ఓన్లీ’ మొదటి పనికి పుట్టినది. ఈ రెండవ పనికి ఆంగ్లేయుడు దానిని సాధారణముగ వాడడు. అతడు ఆ పనిని స్వరముతో చేయును. నొక్కి పలుకవలసిన మాటను కంఠము హెచ్చించి పలుకును. లేదా ‘రైట్ హియర్ ఇన్ ఉప్పల్’ అనును. లేదా ‘ఇట్ వాజ్ సీత హూ డిడ్ ఇట్’ అని వాక్యమును రెండుగ చీల్చును. స్వరము కాగితముమీద కనబడదు. పుస్తకమునుండి ఆంగ్లము నేర్చిన పిల్లవానికి దానిని నేర్పినవారును లేరు. అతని భాషలో నిశ్చయమునకు ఒక అక్షరమున్నది. ఆంగ్లములో దానికి సాటియైన మాటకై వెదకును. దగ్గరలో దొరికినది ‘ఓన్లీ’. దానిని తెచ్చి, తెలుగులో ‘ఏ’ ఎక్కడ నుండునో అక్కడనే, అనగా మాట చివరనే, అతికించును. ‘లాస్ట్ ఇయర్ ఓన్లీ’ అను ప్రయోగములో ‘ఓన్లీ’ ఆంగ్లపు క్రియావిశేషణము కాదు, తెలుగు ప్రత్యయము.

ఉప్పల్ వంటి చోట ఈ అలవాటు మరింత బలపడుటకు వేరొక కారణము గలదు. వరంగల్లు రహదారిమీద నగరమునకు తూర్పు వాకిలివలె నున్న ఊరది. ప్రక్కన నాచారములో పారిశ్రామికవాడ. పలు జిల్లాలనుండియు, పలు రాష్ట్రములనుండియు జనులు పనికై వచ్చి చేరిన ప్రదేశము. 2017 నవంబరులో నాగోలునుండి మియాపూరువరకు ప్రారంభమైన మెట్రోరైలు ఉప్పల్ మీదుగనే పోవుచున్నది. అందులో స్టేషనుల పేర్లు తెలుగు, హిందీ, ఆంగ్లములు మూటను వినబడును. ఇచ్చట కలిసిన భాషలన్నిటికిని నిశ్చయార్థకమైన తోక గలదు. హిందీవారు ‘హీ’ యందురు. హైదరాబాదు దక్కనీలో ‘ఇచ్’ అందురు: ‘అభీచ్ ఆయా’, ‘ఐసాఇచ్ హై’. మరాఠీలో ‘చ’ గలదు. కన్నడమున తెలుగునందువలెనే ‘ఏ’ గలదు. తమిళులు ‘తాన్’ అందురు. తెలుగువాడు ‘ఇప్పుడే వచ్చాను’ అన్నను, దక్కనీ పలుకు పొరుగువాడు ‘అభీచ్ ఆయా’ యన్నను, ఇద్దరును ఆంగ్లములోనికి దిగినపుడు ‘నౌ ఓన్లీ ఐ కేమ్’ అనియే యందురు. ఒకరి పలుకు వేరొకరి పలుకునకు సాక్ష్యమగును. తప్పని చెప్పువారు అచ్చట లేరు, ఏలయన ఎవ్వరికిని అది తప్పుగ వినబడదు.

‘ఓన్లీ’కి తోడబుట్టినది ‘ఇట్‌సెల్ఫ్’. ‘ఇవాళే ఫీజు కట్టాలి’ అనుటకు ‘టుడే ఇట్‌సెల్ఫ్’ అనియు, ‘పొద్దున్నే వచ్చాడు’ అనుటకు ‘మార్నింగ్ ఇట్‌సెల్ఫ్ హి కేమ్’ అనియు అనుట అందరును ఎరిగినదే. అదియు ‘ఏ’కారపు వేషమే. నిశ్చయము సాధారణమైనపుడు ‘ఓన్లీ’, త్వరను లేదా గడువును సూచించునపుడు ‘ఇట్‌సెల్ఫ్’ తరచుగా వాడబడుచుండును. తెలుగులో ఒకే అక్షరము చేయు పనిని రెండు ఆంగ్లపు మాటలు పంచుకొనినవన్న మాట.

పండితులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. ఉప్పల్‌కు కొలది దూరమున, ఉస్మానియా విశ్వవిద్యాలయపు సరసన, ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసెను. 1972లో విదేశీ భాషలును చేరి, 2007లో అది ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగ కేంద్ర విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందెను. భారతీయాంగ్లమును, బ్రిటిషు ఆంగ్లమును ప్రక్కప్రక్కన నుంచి భేదములు చూపిన ప్రయోగ దీపిక నొకదానిని నిహలానీ, టంగ్, హోసలి అను మువ్వురు 1979లో ప్రకటించిరి. భారతీయుల ‘ఓన్లీ’ అర్థరహితమైన అలంకారము కాదనియు, వాక్యములో ముఖ్యాంశమును ఎత్తిచూపు నియమబద్ధమైన సాధనమనియు రాకేశ్ భట్ 2000లో వ్రాసెను. భారతీయులు మాటలాడు ఆంగ్లముయొక్క వాక్యనిర్మాణముపై 2012లో గ్రంథము ప్రకటించిన క్లాడియా లాంగె ‘ఓన్లీ’, ‘ఇట్‌సెల్ఫ్’ రెంటిని కలిపి విచారించెను. తెలుగు ‘ఏ’ స్వరూపమును తెలియగోరువారికి భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణము ఉపకరించును. ఇంత విచారణ జరిగినను, దాని ఫలము ఉన్నత పాఠశాలలోని నల్లబల్లవరకు దిగిరాకపోవుట శోచనీయము.

ఇచ్చట రెండు పక్షములవారు ఎదురు నిలుతురు. మొదటివారు శుద్ధవాదులు. ‘తప్పు తప్పే; దానికి వంశవృక్షము చూపిన ఒప్పు కానేరదు. రేపు ఉద్యోగపు పరీక్షలో ఈ పిల్లవాని ‘ఓన్లీ’ విని నవ్వువారు ధర్మకీర్తిని అడుగరు’ అని వారందురు. రెండవవారు ఉదారవాదులు. ‘ఇది భారతీయాంగ్లము. కోట్లమంది పలుకు పలుకును తప్పనుటకు ఎవరికి అధికారము? పిల్లవానిని విడిచిపెట్టుడు’ అని వారి మాట. ఈ రెండు పక్షములలోను కొంత సత్యము గలదు. రెండును పిల్లవానికి అన్యాయమే చేయును. మొదటివారు అతనికి సిగ్గు నేర్పుదురు, ఆంగ్లము నేర్పరు. రెండవవారు అతనికి ధైర్యమిత్తురు. కాని ఆంగ్లేయుని ‘ఓన్లీ’ చేయు అసలు పని అతనికి అందకుండ చేయుదురు. ఆ అసలు పని అందకపోయిన కలుగు నష్టము హాస్యముతో పోవునది కాదు.

బస్సు సంగతి చూడుడు. సికింద్రాబాదులో నొకడు ‘ఈ బస్సు ఉప్పల్‌కేనా?’ అని అడుగును. ‘ఉప్పల్ ఓన్లీ’ అని సమాధానము వచ్చును. ఇది ‘అవును, ఉప్పల్‌కే’ యనుటయా, ‘ఉప్పల్ వరకే, ఆ పైకి పోదు’ అనుటయా? ఉప్పల్‌లో దిగువానికి రెండును ఒకటే. బోడుప్పల్, ఘటకేసరు పోవలసినవానికి రెండును ఒకటి కావు. తెలుగులో ‘ఉప్పల్‌కే’, ‘ఉప్పల్ వరకే’ యని వేరువేరుగ చెప్పుటకు వీలున్నది; ఆ భేదము ‘ఓన్లీ’లో మునిగిపోయినది.

మందుల సంగతి ఇంతకంటె గంభీరమైనది. పైపూత మందుల డబ్బాలమీద ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’ యని అచ్చువేయుదురు. ఇది శంఖపు వాక్యము కాదు, అర్జునుని వాక్యము. ‘పైన పూయుటకే’ యనగా లోనికి పుచ్చుకొనుట నిషిద్ధమని. ‘ఆఫ్టర్ ఫుడ్ ఓన్లీ’ యని మందుచీటిలో నున్న, అన్నము తినకముందు వేసికొనరాదని నిషేధము. ‘ఓన్లీ’ యనునది మాటకు బలమిచ్చు తాలింపని అలవాటు పడిన కన్నులు ఈ నిషేధముమీదుగ జారిపోవును. ఇంటిలో ఆంగ్లము చదువనేర్చినవాడు బడిపిల్లవాడొక్కడే యైనపుడు ఆ చీటీని చదివి చెప్పువాడును వాడే. వాని ‘ఓన్లీ’ జ్ఞానముమీద తాతగారి ఆరోగ్యము ఆధారపడి యుండును.

బ్యాంకు చెక్కుమీద ‘రూపీస్ ఫైవ్ హండ్రెడ్ ఓన్లీ’ యని వ్రాయుట అందరికి తెలిసినదే. ఆ ‘ఓన్లీ’ సొమ్ము తక్కువయని చెప్పుటకు కాదు. ఆ వెనుక ఎవ్వరును మరియొక మాట చేర్చకుండ వేసిన గడియ. తెలుగులో ‘అక్షరాల అయిదువందల రూపాయలు మాత్రమే’ యనుటయు అట్టిదే.

గణితములో ఈ మాట విలువ మరింత స్పష్టపడును. ఆంగ్లములో ‘ఇఫ్’ వేరు, ‘ఓన్లీ ఇఫ్’ వేరు. తెలుగులో ఒకటి ‘ఐతే’, రెండవది ‘ఐతేనే’. ఒక సంఖ్య చివర 0 ఉంటే అది 5 చేత నిశ్శేషముగ భాగింపబడును, ఇది సత్యము. చివర 0 ఉంటేనే 5 చేత భాగింపబడునన్న అసత్యము. 15, 25 మొదలగునవి గలవు. అదే 10 విషయమున, చివర 0 ఉంటేను భాగింపబడును, ఉంటేనే భాగింపబడును, రెండును సత్యములే. ఈ భేదము బోధపడక పై తరగతులలో తడబడు విద్యార్థులు పెక్కుమంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణుజీవశాస్త్ర కేంద్రము ఉప్పల్ రోడ్డుమీదనే వెలసియున్నవి. ఆ రోడ్డున బడికి నడుచు పిల్లలు ఒకనాడు ఆ ద్వారములలో ప్రవేశింపవలెనన్న, ‘ఐతే’కును ‘ఐతేనే’కును గల యెడమును ఆంగ్లమున గుర్తింపగలిగి యుండవలెను. ఆ యెడము తెలుగులో వారికి పాలు త్రాగు వయస్సునుండియు తెలిసినదే. ‘అన్నం తింటే ఆడుకోవచ్చు’ అనుటకును ‘అన్నం తింటేనే ఆడుకోవచ్చు’ అనుటకును గల తేడా తెలియని పిల్లవాడు లేడు.

కావున మార్గము దూరమున లేదు. పిల్లవాడు ‘ఓన్లీ’ వ్రాసినచోట ఉపాధ్యాయుడు మొదట ఆ వాక్యమును తెలుగులో చెప్పింపవలెను. అందులో ‘ఏ’ యెక్కడ నున్నదో పట్టుకొనవలెను. ఆ ‘ఏ’కు బదులు ‘మాత్రమే’ యని పెట్టి చూడవలెను. అర్థము చెడకున్న, అది అర్జునుని ‘ఏ’. అచ్చట ‘ఓన్లీ’ యుక్తము, దానిని సంబంధించిన మాటకు ముందు నిలిపిన చాలును. అర్థము చెడినచో అది శంఖపు ‘ఏ’. అచ్చట ‘ఓన్లీ’ని తీసివేయవలెను. ఆర్టీసీ బస్సులలో, స్త్రీలకు కేటాయించిన సీట్లలో వారినే కూర్చుండనిత్తమని వ్రాసియుండు బోధను ఎరుగని పిల్లలు తక్కువ. ‘వారినే’ యనుటకు ‘వారిని మాత్రమే’ యన్న అర్థము చెడదు. కనుక ‘ఓన్లీ’ పనికివచ్చును. ‘ఉప్పల్‌లోనే ఉన్నాను’ అనుటకు ‘ఉప్పల్‌లో మాత్రమే ఉన్నాను’ అన్న నవ్వు వచ్చును, కనుక పనికిరాదు. ‘పోయిన ఏడే ఈ బడికి వచ్చాను’ అనుదానిలో చాలకాలము కాలేదను భావమున్న ‘ఓన్లీ లాస్ట్ ఇయర్’ అని ముందునకు జరుపవలెను. ‘ఇవాళే కట్టాలి’ అనుదానికి ‘దిస్ వెరీ డే’ యనవచ్చును. ‘సీతే చేసింది’ అనుదానిని ‘ఇట్ వాజ్ సీత హూ డిడ్ ఇట్’ అని మార్పవచ్చును. ఒక అరగంట పాఠము ఇందుకు సరిపోవును. వ్యాకరణ పారిభాషిక పదమొక్కటియు పిల్లలకు చెప్పనక్కరలేదు.

తెలంగాణములో 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి ఎనిమిదవ తరగతివరకు ఆంగ్ల మాధ్యమమును ప్రవేశపెట్టిరి. ఒకవైపు తెలుగు, ఎదుటివైపు ఆంగ్లము గల ద్విభాషా పాఠ్యపుస్తకములను అచ్చువేసిరి. ఆ ఎదురెదురు పుటలు కేవలము అర్థము కాని చోట తొంగిచూచుటకే కాదు. తెలుగు పుటలో ‘ఏ’ యున్నచోట ఆంగ్ల పుటలో నేమున్నదో వెదకింపుడు. ఒకచోట ‘ఓన్లీ’ యుండును, ఒకచోట మాటల వరుస మారియుండును, ఒకచోట ఏమియు నుండదు. ఆ ‘ఏమియు లేకపోవుట’యే పిల్లవానికి పెద్ద పాఠము. రెండు భాషలు ఒకే భావమును రెండు దారుల నడుపునని అతడు తన కన్నులతో చూచును.

ఈ వ్యవహారములో తెలుగునకు కలుగుచున్న నష్టమును గూడ చెప్పక తప్పదు. ‘ఏ’ ఆంగ్లములో ‘ఓన్లీ’గ వేషము వేయుచుండగా, ‘ఓన్లీ’ తెలుగులో ‘మాత్రమే’గ తిరిగి వచ్చుచున్నది. ప్రకటనలలో ‘కేవలం పది రూపాయలు మాత్రమే’ యని చూచుచున్నాము. ఒక తలుపునకు రెండు తాళములు. ‘పది రూపాయలే’ యన్న సరిపోవుచోట రెండు మాటలు అదనముగ చేరినవి. ‘నాట్ ఓన్లీ’ని అనువదింపబోయి ‘అతను పాడటం మాత్రమే కాకుండా’ అని వ్రాయుదురు. ‘పాడటమే కాక’ అనునది నాలుకకు తేలిక, చెవికి ఇంపు. పిల్లవానికి ‘ఓన్లీ’ని సరిగా నేర్పగోరు ఉపాధ్యాయుడు మొదట ‘ఏ’ విలువను నేర్పక తప్పదు గనుక, ఈ పాఠమువలన ఆంగ్లముతోపాటు తెలుగును బాగుపడును.

మాతృభాష పరభాషాభ్యాసమునకు అడ్డమని తలచువారు ఈ నాలుగక్షరముల మాటను జాగ్రత్తగా చూడవలెను. పిల్లవాడు తప్పు వ్రాసినది తెలుగు ఎక్కువ తెలియుటచేత కాదు. తనకు తెలిసిన తెలుగును ఎవ్వరును అతనికి చూపకపోవుటచేత. ఎర్రసిరా సున్న చుట్టిన చేయి, దాని ప్రక్కన ‘పోయిన ఏడే’ యని తెలుగులో వ్రాసి, ఆ ‘ఏ’ క్రింద ఒక గీత గీయగలిగిననాడు ఆ సున్న అవమానము కాదు, పాఠమగును. అందుకు క్రొత్త గ్రంథములు అక్కరలేదు, క్రొత్త నిధులు అక్కరలేదు. నవ్వుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, ‘ఇదే మాట తెలుగులో చెప్పు’ అని అడుగగల ఉపాధ్యాయుడు చాలును.